పాత జీపు నేర్పిన లెక్క



పాస్టరు జీపు మరమ్మతు గూర్చి వ్రాయడమేమిటని మీలో కొందరు నవ్వుకోవచ్చు. మా సంఘ పెద్దలూ మొదట నవ్వారు. ఒక పెద్దాయనైతే, "అయ్యగారూ, ఆదివారం చేతులకు గ్రీజు లేకుండా వస్తే చాలు" అన్నారు. ఆ నవ్వు నాకు బాధ కలిగించలేదు. ఈ పనిలో నాకు బాధ కలిగించినది వేరొకటి ఉంది. దానిని దాచకుండా మీతో చెప్పాలనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మా నాన్నగారు పంచాయతీ సమితిలో జీపు డ్రైవరు. 1986లో సమితులు పోయి మండలాలు వచ్చిన పిమ్మట కూడా ఆయన చాలాకాలం అదే జీపు నడిపారు. ఆ రోజుల్లో ఊళ్ళోకి జీపు వచ్చిందంటే పిల్లలమంతా దుమ్ములో దాని వెనుక పరుగెత్తేవాళ్ళం. అది ఆగాక పెట్రోలు వాసన పీలుస్తూ చుట్టూ నిలబడేవాళ్ళం. నాన్నగారు ప్రతి ఉదయం బండి తీసేముందు నేలమీద మోకాళ్ళూని క్రిందికి వంగి చూసేవారు. ఆయన జీపుకు దండం పెడుతున్నారని నేను చాలాకాలం అనుకున్నాను. క్రింద నూనె చుక్కలు పడ్డాయేమోనని చూస్తున్నారని పెద్దయ్యాక తెలిసింది. "బండి నడపడం ఎవడికైనా వస్తుందిరా, ఆపడం వచ్చినవాడే డ్రైవరు" అని ఆయన ఎన్నోసార్లు అనేవారు. ఆ మాట విన్నాను గాని, లోపలికి తీసుకోలేదు.

2016లో నాన్నగారు కన్నుమూశారు. 2022 జనవరిలో మా ప్రక్క మండలంలో ఒక ఇటుకబట్టీ దగ్గర పాత జీపు పడి ఉందని తెలిసి చూడబోయాను. 1974 మోడలు. నాన్నగారు నడిపిన బండి కాదు గాని, ఆ జాతిదే. తుమ్మచెట్టు క్రింద నాలుగు చక్రాలూ నేలలో దిగబడి ఉన్నాయి. వెనుక సీటులో కోడి పొదిగింది. 85 వేలకు బేరం కుదిరింది. ట్రాక్టరు ట్రక్కులో ఎక్కించి తెచ్చి, మా ఇంటి వెనుక ఖాళీగా ఉన్న పశువుల పాకలో దించాం. నాన్నగారి పొలంలో నా వాటా అమ్మగా వచ్చిన సొమ్ములోనుండి మొత్తం రెండున్నర లక్షలు, అంతకుమించి ఒక్క రూపాయి కూడా పెట్టనని నా భార్యకు మాట ఇచ్చాను. ఆమె ఆ అంకెను లెక్కల పుస్తకంలో మొదటి పేజీలో వ్రాసి పెట్టుకుంది.

జీపు పుట్టుక

ఈ బండి ఎక్కడ పుట్టిందో కొంచెం చెప్పుకుందాం. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1940లో, అమెరికా సైన్యం బరువు తక్కువగా ఉండి, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే చిన్న బండి కావాలని కంపెనీలను అడిగింది. పెన్సిల్వేనియాలోని బాంటమ్ అనే చిన్న కంపెనీ 49 రోజుల గడువులో మొదటి నమూనా చేసి ఇచ్చింది. కాని అంత పెద్ద సంఖ్యలో తయారుచేసే శక్తి దానికి లేదు. గనుక ఆ పని ఎక్కువగా విల్లీస్, ఫోర్డ్ కంపెనీలకు దక్కింది. యుద్ధం ముగిసేసరికి ఆ రెండూ కలిసి 6 లక్షలకు పైగా జీపులు చేశాయి.

మన దేశంలో 1945లో మహీంద్రా సోదరులు, మాలిక్ గులాం మొహమ్మద్ గారు కలిసి ఒక కంపెనీ పెట్టారు. దేశ విభజన తర్వాత మొహమ్మద్ గారు పాకిస్తాను వెళ్ళి ఆ దేశపు మొదటి ఆర్థికమంత్రి అయ్యారు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. ఆ కంపెనీయే విల్లీస్ జీపుల భాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టి, క్రమంగా ఇక్కడే తయారుచేసింది. నేను కొన్నది సీజే త్రీబీ అనే రకం. దీని బానెట్టు ముందటి జీపులకంటె ఎత్తు. ఇంజనులో గాలి పెట్రోలు లోపలికి పోయే వాల్వులు పైన హెడ్డులో, పొగ బయటికి పోయేవి క్రింద బ్లాకులో ఉంటాయి. ఆ పొడవు ఇంజను పట్టడానికే బానెట్టు లేపారు. అమెరికాలో ఈ రకం 1953 నుండి 1968 వరకు చేసి ఆపేశారు. మన దేశంలో మాత్రం దాని తరువాత కూడా ఎన్నో ఏళ్ళు వస్తూనే ఉంది. మా పల్లెల్లో ఆఫీసర్లకు, ఓట్ల ప్రచారాలకు, పెళ్ళిళ్ళకు తిరిగింది ఈ బండే.

సోమవారం పని

పాస్టరుకు తీరిక దొరికేది సోమవారం. నాన్నగారి బండికి పనిచేసిన మేస్త్రి ఒకాయన మా ఊరి దగ్గరే ఉన్నారు. ఇప్పుడు 70 దాటాయి. షెడ్డు మూసేశారు. అడిగితే, "మీ నాన్న చేతి కాఫీ బాకీ ఉన్నానులెండి అయ్యగారూ, వస్తాను" అన్నారు. అప్పటికి 11 ఏళ్ళున్న మా అబ్బాయి సాయం.

మేస్త్రి మొదటి రోజు స్పానరు పట్టనివ్వలేదు. "ముందు ఫోటోలు తీయండి. ఏ తీగ ఎక్కడ పోతుందో రేపు మీకు గుర్తుండదు" అన్నారు. ఊడదీసిన బోల్టులన్నీ ఖాళీ సీసాలలో వేసి, ఏ భాగానివో కాగితం ముక్కపై వ్రాసి అంటించమన్నారు. తుప్పు పట్టిన బోల్టును బలవంతంగా తిప్పితే తల ఊడి చేతికి వస్తుంది. గనుక ముందు రోజు రాత్రి నూనె పోసి నానబెట్టి, మరునాడు మెల్లగా కొంచెం బిగించి, కొంచెం వదులుచేసి తీయాలి. ఒక్కొక్క బోల్టు ఒక్కొక్క సోమవారం తినేసింది.

ఈ జీపులో పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు క్రిందనే ఉంటుంది. వెల్డింగు మొదలుపెట్టకముందే దానిని విప్పి పాకకు దూరంగా పెట్టించారు. "ఖాళీ ట్యాంకే గదా" అన్నాను. "నిండు ట్యాంకుకంటె ఖాళీదే ప్రమాదం అయ్యగారూ, అందులో ఉండే ఆవిరే పేలేది" అన్నారు. ఇది ఇంట్లో ఇలాంటి పని పెట్టుకున్న ప్రతివారూ గుర్తుంచుకోవలసిన సంగతి.

ఇంజనును విజయవాడ ఆటోనగర్‌కు తీసుకుపోయి బోరింగు చేయించాం. పిస్టన్లు, రింగులు, బేరింగులు కొత్తవి వేశాం. 2022 అక్టోబరులో ఒక సాయంత్రం అది మొదటిసారి పలికింది. గొట్టంలోనుండి నల్లటి పొగ వచ్చి, రెండుసార్లు దగ్గి, పిమ్మట సాఫీగా తిరిగింది. మేస్త్రి కళ్ళు తుడుచుకున్నారు. పొగ వల్లనన్నారు.

టింకరింగుకు మరొక సంవత్సరం పట్టింది. కాళ్ళుంచే చోట నేల రేకు జల్లెడ అయిపోయింది. పుచ్చిన మేరకు కోసి, కొత్త రేకు అతికి, రుద్ది, రెడ్ ఆక్సైడు కొట్టి, లప్పం పెట్టి, మరల రుద్ది, 2023 నవంబరులో రంగు వేయించాం. ముదురాకుపచ్చ. లెక్కల పుస్తకం ప్రకారం జీపుకు 85 వేలు, ఇంజనుకు, గేర్లకు 68 వేలు, టింకరింగుకు, రంగుకు 82 వేలు. మొత్తం 2 లక్షల 35 వేలు. ఇంకా 15 వేలు మిగిలాయి. బ్రేకుల పని మొత్తానికి మేస్త్రి చెప్పిన లెక్క 11,500 రూపాయలు. అంటే నా మాట నిలబడే అవకాశం నిండుగా ఉంది.

డాబు ఎక్కడ మొదలైంది?

అక్కడే నేను తప్పటడుగు వేశాను. మా అబ్బాయి ఫోనులో పాత జీపుల ఫోటోలు చూపించేవాడు. లావు చక్రాలు, ఎత్తు పెంచిన స్ప్రింగులు, ముందు ఇనుప గార్డు, పైన వరుసగా దీపాలు. చూడగా చూడగా వాడికంటె నాకే మోజు ఎక్కువయింది. రంగువేసిన బండికి ఆ సన్నటి 16 అంగుళాల చక్రాలు బొత్తిగా పేదగా కనబడ్డాయి. లావు టైర్లు, రిమ్ములు కలిపి 55 వేలన్నారు.

చేతిలో ఉన్నది 15 వేలు. మిగతా 40 వేలు ఎక్కడివి? మా అమ్మాయి నర్సింగు చదువు కోసం దాచిన సొమ్ము బ్యాంకులో ఉంది. ఫీజు కట్టడానికి ఇంకా ఎనిమిది తొమ్మిది నెలలున్నాయి గదా, ఈలోగా సర్దవచ్చు అనుకుని తీశాను. నా భార్యకు చెప్పలేదు. "లెక్క ఎంతవరకు వచ్చిందండీ?" అని ఆమె అడిగితే, "ఇంకా కొంత ఉందిలే" అన్నాను.

మేస్త్రి చక్రాలు చూసి సంతోషించలేదు. "చక్రం పెద్దదైతే దానిని ఆపడానికి బ్రేకు ఎక్కువ కష్టపడాలి. స్పీడోమీటరు కూడా అసలు వేగంకంటె తక్కువ చూపిస్తుంది. బండి ఎత్తయితే మలుపులో బోల్తాకొట్టే భయం. ముందు బ్రేకులు విప్పుదాం" అన్నారు.

"ఇప్పుడు పడుతున్నాయి గదా మేస్త్రీ, క్రిస్మసు అయ్యాక చూద్దాం" అన్నాను.

"ఇవాళ పడ్డాయని రేపు పడతాయని కాదండీ" అని ఆయన సంచి సర్దుకుని వెళ్ళిపోయారు.

చట్టం మాట కూడా చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత బండి రిజిస్ట్రేషను 15 ఏళ్ళ పిమ్మట ఐదేసి ఏళ్ళకు పునరుద్ధరించుకోవాలి. దాని 52వ సెక్షను కంపెనీ చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. 2021లో 50 ఏళ్ళు దాటిన బండ్లకు వింటేజి రిజిస్ట్రేషను అనే ప్రత్యేక ఏర్పాటు వచ్చింది. దానికీ బండి అసలు రూపంలోనే ఉండాలి. పైగా అలా నమోదైన బండిని రోజువారీ ప్రయాణాలకు వాడకూడదు. ఇవన్నీ నాకు తెలుసు. నా జీపు రిజిస్ట్రేషను అప్పటికి ఇంకా పునరుద్ధరించలేదు. అంటే రోడ్డెక్కే హక్కే దానికి లేదు. "మన ఊరి కాలువగట్టే గదా" అని నాకు నేనే చెప్పుకున్నాను.

కాలువగట్టు దిగుడు

2023 డిసెంబరులో ఒక సాయంత్రం. అబ్బాయిని ప్రక్కన కూర్చోబెట్టుకుని కాలువగట్టు మీదికి తీసుకెళ్ళాను. వరికోతలయ్యాయి. పొలాల్లో గడ్డి పోగులు వేసి ఉన్నాయి. లాకుల దగ్గర గట్టు దిగి ఊరి రోడ్డులో కలిసేచోట పెద్ద వాలు ఉంది. ఆ వాలు చివర బడి పిల్లలు గుంపుగా ఇంటికి పోతున్నారు.

బ్రేకు తొక్కాను. పెడలు నేరుగా నేలకు తగిలింది. మరల తొక్కాను. కాలి క్రింద గాలి తప్ప ఏమీ లేదు.

ఈ పాత జీపులలో నాలుగు చక్రాల బ్రేకులకూ నూనె పంపే సిలిండరు ఒక్కటే, దారి ఒక్కటే. ఎక్కడ ఒకచోట కారినా నాలుగూ ఒకేసారి పోతాయి. కాని చేతి బ్రేకు వేరు. అది చక్రాలలో ఉండదు, వెనుక ఇరుసుకు తిరుగుడు పంపే రాడ్డు మీద పట్టుకుంటుంది. ఆ క్షణంలో ఇవన్నీ ఆలోచించానని చెప్పను. నాన్నగారి చెయ్యి చూసి చూసి నా చెయ్యి నేర్చుకున్నదేదో చేసింది. గేరు మూడులోనుండి రెండుకు లాగాను. ఇంజను అరిచింది. చేతి బ్రేకు బలమంతా పెట్టి లాగి, స్టీరింగు పొలం వైపు తిప్పాను. జీపు బోదె దాటి ఎగిరి, గడ్డివామిలో గుచ్చుకుని ఆగింది.

ఎవరికీ ఏమీ కాలేదు. అబ్బాయి మోచెయ్యి గీరుకుంది. వామి యజమాని పరుగెత్తుకొచ్చి, "గడ్డి పోతే పోయింది అయ్యగారూ, బాబుకేం కాలేదు గదా" అన్నాడు. నా కాళ్ళు వణుకుతూ ఉంటే దిగలేక అలాగే కూర్చున్నాను. దేవునికి స్తోత్రం చెప్పుదామంటే నోరు రాలేదు.

అప్పుడు అబ్బాయి నెమ్మదిగా అడిగాడు: "నాన్నా, ఇది కూడా అమ్మకు చెప్పకూడదా?"

పాఠకులారా, బ్రేకు పోయినప్పటికంటె ఆ ప్రశ్నకే నాకు ఎక్కువ భయం వేసింది. "ఇది కూడా" అన్నాడు. అంటే చక్రాల సొమ్ము సంగతి వాడికి తెలుసు. నేను దాచడం వాడు చూశాడు. ఇంట్లో ఏది చెప్పాలో ఏది దాచాలో నా దగ్గర నేర్చుకుంటున్నాడు.

లెక్కల పుస్తకం

ఆ రాత్రి భోజనాలయ్యాక నా భార్యకు అంతా చెప్పాను. బ్రేకు సంగతి ముందు, సొమ్ము సంగతి తరువాత. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. పిమ్మట లెక్కల పుస్తకం తెచ్చి, "చక్రాలు ఎంతన్నారు?" అని అడిగి, అంకె వ్రాసింది. వ్రాశాక అన్నది: "సొమ్ముకు కాదండీ నా బాధ. నేను అడిగినప్పుడు ఇంకా ఉందిలే అన్నారే, అందుకు." దానికి నా దగ్గర జవాబు లేదు. తప్పయిందని మాత్రం అన్నాను. మరునాడు అమ్మాయిని కూర్చోబెట్టి ఆమెకూ చెప్పాను. అది ఇంకా కష్టమైంది.

లావు చక్రాలు మేస్త్రి ద్వారా 38 వేలకు అమ్ముడుపోయాయి. ఆ సొమ్ము, నా జీతంలోనుండి 2 వేలు కలిపి 40 వేలు అమ్మాయి ఖాతాలో తిరిగి వేశాను. పోయిన 17 వేలు నా డాబుకు నేను కట్టిన సుంకం. జీపును దిమ్మెల మీద నిలిపి, నెలకు 3,500 చొప్పున 8 నెలలు కూడబెట్టాను. అందులో 11,500 బ్రేకులకు, 16,500 అసలు కొలతలో ఉన్న కొత్త టైర్లకు. ఆ 8 నెలలూ రోజూ పాక ముందునుండి పోతూ ఆ బండిని చూడడం మంచి శిక్షే.

బ్రేకులు విప్పాక సంగతి తెలిసింది. వెనుక ఎడమ చక్రం సిలిండరులో రబ్బరు పుచ్చి నూనె కారిపోయింది. మిగిలిన మూడూ అదే దారిలో ఉన్నాయి. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఏళ్ళ తరబడి మార్చకపోతే ఆ తేమ సిలిండరును లోపలినుండి తుప్పు పట్టిస్తుంది. బయటికి ఏమీ కనబడదు. ఇక అసలు సిలిండరు ఎక్కడ ఉంటుందనుకున్నారు? డ్రైవరు కాళ్ళ క్రింద, నేల రేకు అడుగున. దాని నూనె చూడడానికి నేలలో చిన్న మూత ఉంటుంది. ఆ మూత మీద నేను చక్కగా రంగు వేయించి, దానిమీద కొత్త రబ్బరు చాప పరిచాను. మేస్త్రి ఆ చాప ఎత్తి నా ముఖం వైపు చూశారు. ఏమీ అనలేదు.

నూనె పోశాక గొట్టాలలోని గాలి తీయాలి. దానికి ఇద్దరు కావాలి. అబ్బాయి పైన కూర్చుని పెడలు తొక్కాడు. నేను క్రింద పడుకుని చక్రం దగ్గర చిన్న స్క్రూ విప్పి బిగించాను. "తొక్కు. పట్టుకో. ఇప్పుడు వదులు." అన్నిటికంటె దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరదానితో ముగించాలి. సీసాలోకి బుడగలు వచ్చినంతసేపూ లోపల గాలి ఉన్నట్టే. ఆ మధ్యాహ్నం వాడు నామీద, నేను వాడిమీద ఆధారపడ్డాం. చివరి బుడగ వచ్చి ఆగిపోగానే, "నాన్నా, గట్టిగా తగులుతోంది!" అని పైనుండి కేకపెట్టాడు.

ఇప్పుడు

2024 చివరిలో జీపును తనిఖీకి తీసుకుపోయాం. రుసుములు, ఆలస్యానికి అపరాధం, హరిత పన్ను కలిపి భారమే అయింది. పాత బండ్ల పునరుద్ధరణ రుసుము 2022 ఏప్రిల్ నుండి బాగా పెరిగింది. రవాణాశాఖ తనిఖీ అధికారిని మా పల్లెల్లో బ్రేక్ ఇన్‌స్పెక్టరు అంటారు. ఆ పేరు ఎందుకు వచ్చిందో నాకు ఆ రోజు బాగా అర్థమైంది. ఆయన రంగు చూడలేదు. కొంత దూరం నడిపి, గట్టిగా బ్రేకు తొక్కించి, బండి నిటారుగా ఆగిందా లేదా అని మాత్రం చూశారు.

మీలో ఎవరైనా పాత జీపో, ట్రాక్టరో, స్కూటరో ఇంట్లో బాగుచేసుకోవాలనుకుంటే, చేసుకోండి. అది మంచి పని. పిల్లలను దగ్గర పెట్టుకుంటే ఇంకా మంచిది. నాకు తెలిసినది మాత్రం చెబుతాను. మొదటి సొమ్ము బ్రేకులకు, స్టీరింగుకు, టైర్లకు పెట్టండి. రంగు చివర. పాత బ్రేకులలో పేరుకున్న దుమ్మును ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. పాతకాలపు లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తులకు చేటు. కాగితాలు సరిగా లేనిదే రోడ్డెక్కకండి. ఇంటి ఆడవాళ్ళకు తెలియని ఖర్చు ఒక్కటి కూడా పెట్టకండి.

అమ్మాయి ఇప్పుడు నర్సింగు చదువుతున్నది. జీపు అసలు చక్రాలతో, ముదురాకుపచ్చ రంగుతో, వానాకాలంలో మోటారు సైకిలు పోలేని మా రెండు పల్లెలకు నన్ను తీసుకుపోతున్నది. లెక్కల పుస్తకంలో చివరి పేజీన నా భార్య "2,80,000, రిజిస్ట్రేషను గాక" అని వ్రాసి, దాని ప్రక్కన, "30,000 ఎక్కువ. చెప్పారు." అని వ్రాసింది.

ప్రతి ఉదయం బండి తీసేముందు నేను నేలమీద మోకాళ్ళూని క్రిందికి చూస్తాను. అబ్బాయి అవతలి ప్రక్కనుండి చూస్తాడు. చుక్కలు లేకపోతే బయలుదేరుతాం.